టీవీ కోసం పుట్టిన అంకె, కంప్యూటర్‌కు గడియారం

గడియారాల చరిత్ర: 11వ భాగం

పోయిన భాగంలో క్వార్ట్జ్ స్ఫటికం చేతి గడియారంలోకి వచ్చిన కథ చెప్పుకున్నాం. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ అమ్మకానికి పెట్టిన ఆస్ట్రాన్‌లో ఆ స్ఫటికం సెకనుకు 8,192 సార్లు కంపించేది. పన్నెండేళ్లు నిండకుండానే అదే జాతి స్ఫటికం పర్సనల్ కంప్యూటర్ అనే మరో పెట్టెలో కుదురుకుంది. అయితే కంప్యూటర్‌లో గడియారం కథ చేతి గడియారం కథంత సాఫీగా నడవలేదు. ఒకటి చాలక ఇంకొకటి, అది నమ్మకంగా లేక మరొకటి, ఇలా పాతికేళ్లలో ఆరు గడియారాలు ఒకే బోర్డు మీదికి చేరాయి. కొత్తది వచ్చిందని పాతదాన్ని తీసేసిన సందర్భం ఆ పాతికేళ్లలో లేదు. ఇన్నిటిలో దేన్ని నమ్మాలో తేల్చుకోవడం ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లకు పెద్ద పరీక్ష అయింది.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గడియారంతో రెండు పనులుంటాయి. మొదటిది అందరికీ తెలిసిందే: ఇప్పుడు టైమెంత? ఫైలు ఎప్పుడు సేవ్ అయింది, ఈ ప్రోగ్రామ్ ఎంతసేపు నడిచింది, ఈ రెండు సంఘటనల్లో ఏది ముందు జరిగింది, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. రెండోది అంతకంటే ముఖ్యం: ఫలానా సేపటికి నన్ను లేపు. ప్రాసెసర్ ఒక ప్రోగ్రామ్ చేతికి వెళ్లిందంటే, ఆ ప్రోగ్రామ్ తనంతట తాను వదిలేదాకా ఆపరేటింగ్ సిస్టమ్‌కు దిక్కు లేదు. బయటి నుంచి ఎవరో ఒకరు ఇంటరప్ట్ పంపి, చేస్తున్న పని ఆపించి, పగ్గాలు మళ్లీ దాని చేతికి ఇవ్వాలి. ఆ పని చేసేది టైమరే. ఒకే కంప్యూటర్‌లో పది ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నట్టు కనిపిస్తోందంటే కారణం ఈ లేపుడే.

టైమ్ చెప్పడం, లేపడం. ఈ రెండు పనులకూ కావలసిన గుణాలు వేరు. ఈ తేడాను గుర్తించి వ్యవస్థనంతా దాని ప్రకారం తిరిగి కట్టడానికి మూడు దశాబ్దాలకు పైనే పట్టింది. నా దృష్టిలో ఈ కథకు అసలు ఇరుసు అదే.

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తొలినాళ్లలో గడియారమంటే గోడలోంచి వచ్చే కరెంటు. పీడీపీ-11 యంత్రంలో కేడబ్ల్యూ11-ఎల్ అనే చిన్న బోర్డు ఉండేది. సరఫరా కరెంటు ఒక్కసారి ఊగినప్పుడల్లా అది ప్రాసెసర్‌కు ఒక ఇంటరప్ట్ పంపేది. అమెరికాలో అది సెకనుకు 60, మనలాంటి దేశాల్లో 50. యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వచ్చింది. అందులో కాలాన్ని సెకనులో అరవయ్యో వంతుల్లో, 1971 జనవరి 1 నుంచి లెక్కించారు. 32 బిట్లలో ఆ లెక్క ఎంతకాలం పడుతుందో వేసి చూడండి: 828 రోజులు చిల్లర, అంటే రెండేళ్ల మూడు నెలలు. ఆ తర్వాత అంకె నిండిపోతుంది. కొన్నాళ్లు మొదలుపెట్టే తేదీని ముందుకు జరుపుతూ నెట్టుకొచ్చి, చివరికి పూర్తి సెకన్లలో, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టే పద్ధతికి మారారు. ఈరోజు మన ఫోన్లు లోపల లెక్కపెట్టుకునేది ఆ తేదీ నుంచే.

ఇక 1981 ఆగస్టు 12. ఆ రోజు న్యూయార్క్‌లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందం ఏడాదిలో తయారుచేసిన యంత్రమది. వీలైనంత వరకు బజారులో దొరికే భాగాలే వాడాలి, ఖర్చు తగ్గాలి. అందుకే బోర్డు మీద పనులన్నిటికీ ఆధారంగా ఒకే ఒక ప్రధాన స్ఫటికం పెట్టారు. దాని వేగం సెకనుకు 1,43,18,180 కంపనాలు, అంటే 14.31818 మెగాహెర్ట్జ్.

ఇంత చిల్లరగా ఉన్న అంకె ఎందుకో తెలియాలంటే 1953కు వెళ్లాలి. అమెరికాలో అప్పటికే లక్షల ఇళ్లలో నలుపు తెలుపు టీవీలున్నాయి. రంగుల ప్రసారం మొదలుపెట్టాలి, కానీ పాత టీవీలు మూలన పడకూడదు. అందుకని నలుపు తెలుపు సిగ్నల్ లోపలే రంగుల సమాచారాన్ని మరో సన్నని తరంగం మీద కలిపి పంపాలనుకున్నారు. ఆ తరంగం బొమ్మకూ అడ్డం రాకూడదు, దాని పక్కనే 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉన్న శబ్ద తరంగంతోనూ కలిసి తెర మీద చారలు పుట్టించకూడదు. ఇంజనీర్లు లెక్కలు వేసి, సెకనుకు 15,750గా ఉన్న తెర గీతల సంఖ్యను 4.5 మెగాహెర్ట్జ్‌లో 286వ వంతుకు, అంటే సుమారు 15,734కు తగ్గించారు. దాన్ని 227.5తో గుణిస్తే రంగుల తరంగం వేగం వచ్చింది: 3.579545 మెగాహెర్ట్జ్. 1953 డిసెంబరు 17న అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఈ పద్ధతికి ఆమోదం తెలిపింది.

దీన్ని నాలుగుతో గుణిస్తే వచ్చేదే 14.31818. ఐబీఎం పీసీకి రంగుల తెర కార్డు పెట్టుకుంటే ఇంట్లో టీవీకే తగిలించుకోవచ్చు. దానికి రంగుల తరంగం కావాలి, అది ప్రధాన స్ఫటికాన్ని నాలుగుతో భాగిస్తే వచ్చేస్తుంది. అదే స్ఫటికాన్ని మూడుతో భాగించి 4.77 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రాసెసర్‌ను నడిపారు. ఇంటెల్ 8088కు 5 దాకా పోగల శక్తి ఉన్నా ఆ కాస్త వదులుకున్నారు. పన్నెండుతో భాగిస్తే 1.193182 మెగాహెర్ట్జ్ వచ్చింది. అది ఇంటెల్ 8253 అనే టైమర్ చిప్‌కు వెళ్లింది. ఒక టీవీ ప్రమాణం కోసం కుదిర్చిన అంకె అలా కంప్యూటర్ కాలమానమై కూర్చుంది. మన దూరదర్శన్ 1982 ఆసియా క్రీడలకు రంగుల్లోకి మారినప్పుడు ఎంచుకున్నది వేరే పద్ధతి, పాల్. దాని రంగుల తరంగం 4.43 మెగాహెర్ట్జ్. మన దేశంలో అమెరికా టీవీ సిగ్నల్‌తో ఎవరికీ పని లేకపోయినా, మన ఆఫీసుల్లోకి వచ్చిన ప్రతి పీసీ బోర్డు మీదా 14.318 అని చెక్కిన చిన్న వెండి రంగు డబ్బీ ఉండేది. రిపేరు షాపుల వాళ్లకు ఆ అంకె కంఠతా వచ్చు.

8253లో మూడు కౌంటర్లు. ఒకటి మెమరీని రిఫ్రెష్ చేయడానికి, ఒకటి స్పీకరు బీప్‌లకు, ఒకటి కాలానికి. కాలం కౌంటర్ 65,536 నుంచి కిందికి లెక్కపెడుతూ సున్నాకు చేరగానే ఒక ఇంటరప్ట్ పంపుతుంది. అంటే 54.9 మిల్లీసెకన్లకోసారి, సెకనుకు 18.2 సార్లు. ఆ ఇంటరప్ట్‌నే టిక్ అన్నారు. ఇలాంటి 65,536 టిక్‌లు కలిపితే ఒక గంటకు అర సెకను కూడా తక్కువ కాదు. అందుకే బయాస్ మెమరీలో ఉన్న టిక్ లెక్క పైసగం చూస్తే గంటలు తెలిసిపోయేవి. రోజుకు 15,73,040 టిక్‌లు కాగానే లెక్క సున్నాకు వచ్చి, అర్ధరాత్రి దాటిందని ఒక జెండా లేచేది. అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ ఆ జెండా చూసి తేదీ మార్చేది. చాలా యంత్రాల్లో అది ఒక్క జెండాయే. మధ్యలో డాస్ ఒక్కసారైనా ఆ జెండా చూడకుండా రెండు అర్ధరాత్రులు గడిస్తే ఒక రోజు లెక్కలోంచి ఎగిరిపోయేది.

తొంభైల్లో, రెండువేల తొలి ఏళ్లలో మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో టర్బో సీ నేర్చుకున్న తరానికి ఈ 18.2 పరిచయమే. ప్రోగ్రామ్ ఎంతసేపు నడిచిందో కొలవమంటే వచ్చే జవాబు 55 మిల్లీసెకన్ల మెట్లలోనే వచ్చేది. ఒక సార్టింగ్ పద్ధతికి 0, ఇంకోదానికి 0.054945 అని తేలేది. మధ్యలో ఏమీ ఉండదు. మొదటిది నిజంగా సున్నా కాలంలో పూర్తయిందని రికార్డులో రాసుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. అప్పటి ల్యాబుల్లో దీనికి కారణం వివరించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

టిక్‌ల లెక్క బడిలో గంట కొట్టే ప్యూను మీద ఆధారపడటంలాంటిది. ఎన్ని గంటలు కొట్టాడో లెక్కపెట్టుకుంటే టైమ్ తెలుస్తుంది, రెండు గంటల మధ్య ఏ నిమిషమో తెలియదు. ఆ మధ్యలోని కాలం కావాలంటే 8253నే నేరుగా అడగాలి. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే గడియారం ఎంపికలో పీటముడి ఇక్కడే పడింది.

కౌంటర్ 16 బిట్లది. దాన్ని చదివే దారి 8 బిట్లది. కాబట్టి ముందు 43హెచ్ అనే పోర్టుకు ‘ప్రస్తుత విలువను పట్టి ఉంచు’ అని ఆజ్ఞ పంపాలి. తర్వాత 40హెచ్ పోర్టు నుంచి కింది సగం, ఆపైన పై సగం చదవాలి. మొత్తం మూడు ప్రయాణాలు. మధ్యలో ఇంకెవరూ అదే చిప్‌ను ముట్టుకోకుండా కాపలా పెట్టాలి. సరిగ్గా అప్పుడే కౌంటర్ తిరగబడి, ఇంటరప్ట్ ఇంకా అందకపోతే, కాలం ఒక టిక్ వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. దానికీ సర్దుబాటు చేసుకోవాలి. ప్రాసెసర్‌నూ ఇతర చిప్‌లనూ కలిపే దారిని బస్సు అంటారు; పాత బస్సు మీద ఒక్కో ప్రయాణానికీ సుమారు ఒక మైక్రోసెకను పట్టేది. 4.77 మెగాహెర్ట్జ్ రోజుల్లో అది నాలుగైదు ప్రాసెసర్ సైకిళ్లు, ఎవరూ పట్టించుకోలేదు. ప్రాసెసర్లు ఒక గిగాహెర్ట్జ్‌కు చేరాక అదే మైక్రోసెకను వెయ్యి సైకిళ్లు. టైమెంత అని ఒక్కసారి అడగడానికి మూడు వేల సైకిళ్లు ఖర్చు. ప్రాసెసర్ రెండు వందల రెట్లు వేగం పెంచుకుంది, గడియారానికి వెళ్లే దారి మాత్రం 1981లో ఉన్నట్టే ఉంది.

1984లో ఐబీఎం ఏటీ వచ్చినప్పుడు రెండో గడియారం చేరింది. అది మోటరోలా ఎంసీ146818, బ్యాటరీతో నడిచే చిప్. అంతకుముందు కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డాస్ తేదీ, టైమ్ అడిగి కూర్చునేది. ఈ చిప్‌లో స్ఫటికం వేగం 32,768, చేతి గడియారాల్లో స్థిరపడిన అంకే. రెండును పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేది కాబట్టి సగం చేస్తూ పోతే కచ్చితంగా ఒక సెకను దగ్గర ఆగుతుంది. విండోస్ ఎన్‌టీ వంశం చాలాకాలం సెకనుకు 64 టిక్‌లతో నడిచిందంటే మూలం ఇక్కడుంది. 15.6 మిల్లీసెకన్లన్న ఆ మెట్టు విండోస్ ప్రోగ్రామర్లకు ఇప్పటికీ ఎదురవుతూనే ఉంటుంది.

1993 మార్చిలో ఇంటెల్ పెంటియమ్‌ను విడుదల చేసింది. అందులో టైమ్ స్టాంప్ కౌంటర్ అనే 64 బిట్ల లెక్క ఒకటి చేరింది. అందరూ టీఎస్‌సీ అంటారు. అది ప్రాసెసర్ లోపలే ఉంటుంది, సైకిల్‌కు ఒకటి చొప్పున పెరుగుతుంది, ఒకే ఒక్క ఆజ్ఞతో చదవొచ్చు. బయటి బస్సు లేదు, పోర్టు లేదు, కాపలా లేదు. సెకనుకు వంద కోట్లు లెక్కపెట్టినా 584 ఏళ్ల దాకా నిండదు. వేల సైకిళ్ల ఖర్చు పదుల్లోకి దిగింది. ఇక సమస్య తీరినట్టే అనుకున్నారు.

ఒక ఊహ మీద ఆ నమ్మకం నిలబడింది: ప్రాసెసర్ వేగం ఎప్పుడూ మారదని. 2000 జనవరిలో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ తెచ్చింది. 650 మెగాహెర్ట్జ్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్, ప్లగ్ తీసి బ్యాటరీ మీదకు రాగానే 500కు దిగేది. టీఎస్‌సీ కూడా దాంతోపాటే నెమ్మదించేది. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం 65 కోట్ల లెక్కకు ఒక సెకను చొప్పున వేసుకుంటూ పోయేది. బయట 13 సెకన్లు గడిస్తే లోపల 10 సెకన్లే. ప్రాసెసర్ గాఢనిద్రలోకి వెళ్తే లెక్క అసలు ఆగిపోయేది.

2005లో ఏఎమ్‌డీ అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చి ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. ఒకే చిప్‌లో రెండు కోర్లు, దేని టీఎస్‌సీ దానిదే. ఒక కోర్ విశ్రాంతి తీసుకుంటే దాని లెక్క వెనకబడుతుంది. ఒక ఆట మొదటి కోర్‌లో టైమ్ చదివి, తర్వాత రెండో కోర్‌కు మారి మళ్లీ చదివితే, రెండో విలువ మొదటిదానికన్నా తక్కువ రావచ్చు. గడిచిన కాలం రుణ సంఖ్య. తెర మీద బొమ్మలు కుదుపులతో దూకేవి, వేగాలు తారుమారయ్యేవి. ఏఎమ్‌డీ దీనికోసమే డ్యూయల్ కోర్ ఆప్టిమైజర్ అనే చిన్న ప్రోగ్రామ్ విడుదల చేయాల్సి వచ్చింది. టీఎస్‌సీని పక్కనపెట్టి వేరే గడియారం వాడమని విండోస్‌కు చెప్పే స్విచ్ ఒకటి అప్పట్లో చాలామంది బూట్ ఫైలులో చేర్చుకున్నారు.

ఆ వేరే గడియారం ఏసీపీఐ పీఎం టైమర్. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన విద్యుత్ పొదుపు ప్రమాణంలో భాగం. ప్రాసెసర్ వేగం ఎటు మారినా దీని వేగం మారదు. ఆ వేగమెంతో తెలుసా? 3.579545 మెగాహెర్ట్జ్. అవును, 1953 నాటి రంగుల తరంగమే, ఈసారి గుణకారం, భాగహారం కూడా లేకుండా! కౌంటర్ తరచుగా 24 బిట్లే ఉండేది కాబట్టి 4.7 సెకన్లకోసారి తిరగబడేది. చదవాలంటే మళ్లీ పోర్టు ప్రయాణం, మళ్లీ మైక్రోసెకను. ఇంటెల్ వారి పీఐఐఎక్స్4 చిప్‌సెట్‌లో ఒక లోపం కూడా ఉండేది: లెక్క మారుతున్న క్షణంలో చదివితే తప్పు విలువ వచ్చేది. అందుకని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని వరసగా మూడుసార్లు చదివి, మూడూ వరస క్రమంలో ఉంటేనే నమ్మేది. నమ్మకమూ వేగమూ ఒకచోట దొరకని ఆ రోజుల్లో, నమ్మకానికి మూడింతల మూల్యం చెల్లించారన్నమాట.

ఇంతలో లేపే పనిలోనూ ఒత్తిడి పెరుగుతోంది. లినక్స్ మొదట సెకనుకు 100 టిక్‌లతో నడిచేది. పాటలు, వీడియోలు, ఆటలు పెరిగేసరికి 10 మిల్లీసెకన్ల మెట్టు ముతకగా తోచింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 వెర్షన్‌లో పీసీలకు దాన్ని 1,000 చేశారు. ల్యాప్‌టాప్ వాళ్లు గగ్గోలు పెట్టారు. ఏ పనీ లేకపోయినా ప్రాసెసర్ మిల్లీసెకనుకోసారి ఉలిక్కిపడి లేస్తే దానికి గాఢనిద్ర ఎక్కడిది? బ్యాటరీ కరిగిపోతోంది. 2005 ఆగస్టులో 2.6.13లో మధ్యేమార్గంగా 250కి దించారు. వందకూ వెయ్యికీ మధ్య సాగిన ఆ బేరంలో అసలు ప్రశ్న మరుగున పడింది: పని లేనప్పుడు టిక్ ఎందుకు?

ఆ ప్రశ్న అప్పటికే వేసినవాడు ఒకడున్నాడు. జర్మనీలో బోబ్లింగెన్ ఐబీఎం ల్యాబులో పనిచేసిన మార్టిన్ ష్విడెఫ్‌స్కీ. ఆయన లినక్స్‌ను ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద నడిపేవారు. ఒకే యంత్రం మీద వందలకొద్దీ లినక్స్‌లు వర్చువల్‌గా నడుస్తుంటాయి. ఒక్కోటీ సెకనుకు 100 సార్లు లేస్తే, ఐదు వందల లినక్స్‌లు ఖాళీగా కూర్చుని కూడా సెకనుకు 50,000 ఇంటరప్ట్‌లు పుట్టిస్తాయి. మెయిన్‌ఫ్రేమ్ కాలాన్ని అద్దెకు లెక్కగట్టే చోట ఇది భరించలేని దండగ. 2001లోనే ఆయన 100 హెర్ట్జ్ టిక్‌ను తీసేసే మార్పు రాసి ముందుపెట్టారు. పీసీల ప్రపంచం అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆరేళ్ల తర్వాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు అదే పాఠం చెప్పాయి. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఆయన. ఎవరి యంత్రాలకో రాబోయే కష్టాన్ని తన యంత్రం మీద ముందే చూసి, పరిష్కారం కూడా చేసి చూపించారు.

2004లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి మరో గడియారానికి ప్రమాణం రాశాయి. పేరు హెచ్‌పీఈటీ. పోర్టు బదులు మెమరీ చిరునామాలోనే చదవొచ్చు. సెకనుకు కనీసం కోటిసార్లు లెక్కపెట్టాలి. ఫలానా విలువకు చేరగానే లేపడానికి కనీసం మూడు అలారాలుండాలి. పాత 8253నూ, బ్యాటరీ చిప్ టిక్‌నూ పక్కన పెట్టేయాలన్నది ఉద్దేశం. చాలా చిప్‌సెట్లలో దాని వేగం ఎంత పెట్టారో చెప్పనక్కర్లేదేమో: 14.31818 మెగాహెర్ట్జ్. హెచ్‌పీఈటీ స్థిరమైనది, మంచిదే. కానీ ఉన్నది ప్రాసెసర్ బయట, చిప్‌సెట్‌లో. చదివిన ప్రతిసారీ అంతదూరం పోయి రావాలి. కోర్లు ఎనిమిది, పదహారు అయ్యాక అందరూ ఒకే తలుపు దగ్గర బారులు తీరారు.

పరికరాల వైపు నుంచి పూర్తి జవాబు దొరకలేదు. అది సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చింది. ఐబీఎంలో పనిచేస్తున్న జాన్ స్టల్ట్జ్ 2005లో ఒట్టావా లినక్స్ సదస్సులో తన సహచరులతో కలిసి ఒక ప్రతిపాదన వివరించారు. అప్పటిదాకా టిక్‌లు లెక్కపెట్టి కాలం తెలుసుకోవడమే మూలం, కౌంటర్ చదవడం మధ్య ఖాళీని పూరించడానికి. టిక్ ఒకటి జారిపోతే కాలమే జారిపోయేది. దీన్ని తిరగేయాలన్నారు. కౌంటరే కాలానికి ఆధారం కావాలి, టిక్‌తో దానికి సంబంధం ఉండకూడదు. ఈ పని 2006లో 2.6.18 నాటికి లినక్స్ కెర్నల్‌లోకి, అంటే దాని కేంద్ర భాగంలోకి వచ్చింది. జర్మన్ ప్రోగ్రామర్ థామస్ గ్లైక్స్‌నర్ ఇంకోవైపు నుంచి లేపే పనిని పట్టుకున్నారు. మెట్లతో పనిలేకుండా కావలసిన క్షణానికే లేపే హెచ్ఆర్‌టైమర్లు 2006 మార్చిలో 2.6.16లో చేరాయి. ఇంగో మోల్నార్‌తో కలిసి ఆయన చేసిన టిక్‌లెస్ విధానం 2007 ఏప్రిల్‌లో 2.6.21తో వచ్చింది. ఖాళీగా ఉంటే ప్రాసెసర్ ఇక సెకనుకు 250 సార్లు లేవక్కర్లేదు. తర్వాతి అలారం ఎప్పుడో చూసుకుని అప్పటిదాకా పడుకోవచ్చు.

ఇలా రెండు పనులూ విడిపోయాయి. టైమ్ చెప్పేవాటిని క్లాక్‌సోర్స్‌లన్నారు, లేపేవాటిని క్లాక్ ఈవెంట్‌లన్నారు. ఒకదానికి వేగంగా చదవగలగడం, ఎప్పుడూ వెనక్కి పోకపోవడం ముఖ్యం. రెండోదానికి ప్రతి కోర్‌కూ సొంతంగా ఉండటం, త్వరగా సెట్ చేయగలగడం ముఖ్యం. రెండో పనికి ప్రతి కోర్ లోపలా ఉన్న లోకల్ ఏపిక్ టైమర్ సరిగ్గా సరిపోతుంది, కాకపోతే గాఢనిద్రలో అదీ ఆగిపోయేది. అందుకని పడుకున్న కోర్లను లేపే కాపలా బాధ్యత హెచ్‌పీఈటీకి అప్పగించారు. చదవడానికి ఖరీదైన గడియారం లేపడానికి మాత్రం పనికొచ్చింది. ఒక్కో పరికరాన్నీ అది బాగా చేయగల పనికే వాడుకోవడం రెండు పనులనూ విడదీశాకే వీలైంది.

క్లాక్‌సోర్స్‌లకు లినక్స్ మార్కులు వేస్తుంది. టీఎస్‌సీకి 300, హెచ్‌పీఈటీకి 250, పీఎం టైమర్‌కు 200, పాత 8253కి 110. టిక్‌లు లెక్కపెట్టడం అన్న పద్ధతికి ఒక్కటంటే ఒక్క మార్కు. బూట్ అయ్యేటప్పుడు ఉన్నవాటిలో ఎక్కువ మార్కులదాన్ని ఎంచుకుంటుంది. కానీ టీఎస్‌సీ పాత చరిత్ర మరిచిపోలేదు. అర సెకనుకోసారి దాని లెక్కను హెచ్‌పీఈటీతోనో పీఎం టైమర్‌తోనో సరిచూస్తుంది. తేడా హద్దు దాటితే ‘టీఎస్‌సీ నిలకడగా లేదు’ అని లాగ్‌లో ఒక వరస రాసి, దాన్ని తప్పించి తర్వాతిదానికి మారుతుంది. సర్వర్లు చూసుకునే ఏ ఇంజనీరైనా ఆ వరస కనిపించగానే తల పట్టుకుంటాడు. ఎందుకో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2014లో నెట్‌ఫ్లిక్స్ తన కసాండ్రా డేటాబేస్ సర్వర్లను అమెజాన్ క్లౌడ్‌లో ఒక లినక్స్ నుంచి మరో లినక్స్‌కు మార్చింది. పనితీరు బాగా పడిపోయింది. బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీర్ ప్రాసెసర్ కాలం ఎక్కడ పోతోందో కొలిచి చూస్తే దాదాపు మూడోవంతు టైమెంత అని అడగడానికే పోతోంది. వర్చువల్ యంత్రం ఇచ్చిన జెన్ అనే గడియారాన్ని వదిలి టీఎస్‌సీకి మార్చగానే సర్వర్లు తేరుకున్నాయి. ఒక్క డేటాబేస్ రాతలో టైమ్‌ను ఎన్నిసార్లు అడుగుతారో బయటివాళ్లు ఊహించలేరు. లాగ్‌కు ఒకటి, గడువుకు ఒకటి, గణాంకాలకు ఒకటి, ఇలా సెకనుకు లక్షల్లో.

ఇంటెల్, ఏఎమ్‌డీ కూడా ఈలోగా తమ తప్పు దిద్దుకున్నాయి. 2007-08 తరం చిప్‌ల నుంచి టీఎస్‌సీ వేగం ప్రాసెసర్ వేగంతో మారదు, నిద్రలోనూ ఆగదు. ఇప్పుడు ఒక మామూలు లినక్స్ సర్వర్‌లో టైమ్ అడిగితే కెర్నల్ దాకా వెళ్లే పని కూడా లేదు. ప్రోగ్రామ్ పక్కనే కెర్నల్ అమర్చిన చిన్న పేజీలోంచి లెక్క తీసుకుని టీఎస్‌సీ చదివితే సరి, మొత్తం పాతిక నానోసెకన్ల చుట్టుపక్కల తేలిపోతుంది. లేపే పని కూడా క్రమంగా అక్కడికే చేరింది: టీఎస్‌సీ ఫలానా విలువకు చేరినప్పుడు ఇంటరప్ట్ పంపమని కోర్‌కు నేరుగా చెప్పే ఏర్పాటు వచ్చింది. విడిపోయిన రెండు పనులూ ఒకే కౌంటర్ దగ్గర మళ్లీ కలిశాయి, ఈసారి తెలిసి చేసిన ఏర్పాటుతో.

నమ్మకం ఎవరిదన్న తగవు మాత్రం ఆగలేదు. 2019లో కొన్ని కాఫీ లేక్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లలో టీఎస్‌సీ నిలకడగా లేదన్న ఆ వరస మళ్లీ కనిపించసాగింది. తవ్వి చూస్తే దోషం టీఎస్‌సీది కాదు. చిప్ మొత్తం లోతైన నిద్రలోకి వెళ్లినప్పుడు కాపలాదారుగా పెట్టిన హెచ్‌పీఈటీయే లెక్క తప్పుతోంది. సరిగ్గా నడిచే గడియారాన్ని తప్పు నడిచే గడియారంతో పోల్చి శిక్ష వేశారు. చివరికి ఆ యంత్రాల్లో హెచ్‌పీఈటీనే కట్టేశారు.

వచ్చే భాగంలో 2012 జూన్ 30 సంగతి. ఆ రాత్రి ప్రపంచ కాలమానానికి ఒక సెకను కలిపారు. మన దగ్గర జులై 1 తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల 60 సెకన్లు అన్న క్షణమది. అదే ఘడియలో ఎన్నో లినక్స్ సర్వర్లు ఒక్కసారిగా గిరగిరా తిరుగుతూ ప్రాసెసర్‌ను పూర్తిగా తినేశాయి. తప్పు జరిగింది ఈ భాగంలో మెచ్చుకున్న హెచ్ఆర్‌టైమర్ల దగ్గరే. ఎలా జరిగిందో అప్పుడు చూద్దాం.